సెన్యా చొక్కా అంచు

వేట గుడిసె గోడనిండా చొక్కా ముక్కలు మేకులకు వేలాడుతుంటాయి. ఎగువ మిషిగన్ అడవిలో ఆ గుడిసె కట్టిన నాటి నుంచీ అదే పద్ధతి. దుప్పి మీద గురి తప్పినవాడి చొక్కా వెనక అంచు కత్తిరించి, పేరు రాసి గోడకెక్కిస్తారు. సెన్యా పేరు ఆ గోడ మీద లేదు. ఆమె తుపాకీ పట్టిందే ఈ ఏడు. పైగా ఒంటి మీదున్న ఎర్రగళ్ల ఉన్ని చొక్కా వాళ్లమ్మ కుట్టింది.

వేట గడువుకి ఆఖరి రోజది. మరిది ఆర్వో పొద్దున్నే కాఫీ దగ్గర కత్తెర ఆడిస్తూ కూర్చున్నాడు.

"వదినా, ఆ ఎరుపు గోడకి భలే నప్పుతుంది."

"నీవే బోలెడున్నాయిగా, ఇంకా చోటెక్కడిదీ?"

ముసలి రెయినో మామయ్య పొయ్యిలోకి కట్టె తోస్తూ నవ్వాడు. "చొక్కా పోతే పోయిందమ్మా. దెబ్బతిన్న జంతువుని మాత్రం అడవిపాలు చెయ్యకు. జబ్బ వెనక చోటు కనబడందే ట్రిగ్గర్ ముట్టుకోకు."

మధ్యాహ్నం దాటాక దేవదారుల్లోంచి కొమ్ముల దుప్పి బయటికొచ్చి, రొమ్ము చూపిస్తూ సెన్యాకి ఎదురుగా నిలబడింది. చేతికందేంత దగ్గర. కాని అలా నిలబడ్డప్పుడు తూటా కాస్త పక్కకి పోయినా జబ్బ విరుగుతుంది, పేగులు చిరుగుతాయి. సెన్యా వేలు వెనక్కి తీసుకుంది. దుప్పి మంచు గీరి ఏదో నమిలింది. నమిలి నమిలి, ఏటవాలుగా అటు తిరిగింది. సెన్యా అవతలి ముందుకాలు ఎక్కడుంటుందో మనసులో కట్టుకుని, తూటా అక్కడికి చేరేలా ఇవతలి జబ్బ వెనక, కిందుగా గురిపెట్టింది. సగం ఊపిరి వదిలి పేల్చింది. దుప్పి ఎగిరి చెట్లలోకి దూరిపోయింది.

పక్క మాటు నుంచి ఆర్వో పరిగెత్తుకొచ్చాడు. "తోక జెండాలా ఎత్తుకు పోయింది వదినా! తగిలుంటే తోక దించేసేది, తగల్లేదు. ఇటు తిరుగు."

"ముందు వెతుకుదాం ఆగు."

"ఏం వెతుకుతావు? చుక్క రక్తం లేదు చూడు." కసుక్కున ఆమె చొక్కా అంచు కత్తిరించేశాడు. సెన్యాకి బెంగ చొక్కా పోయినందుకు కాదు. తగిలి ఉంటే?

రెయినో నింపాదిగా వచ్చి దుంగ మీద కూర్చుని, మాంసం కూరిన రొట్టె విప్పాడు. "కూచోండి. తగిలుంటే అదీ పడుకోనుంటుంది. ఇప్పుడు తరిమితే లేచి పోతుంది."

సెన్యా తన ముక్క పక్కన పెట్టి చెట్ల వంకే చూసింది. మామయ్య ఆఖరి ముక్క తిని వేళ్లు తుడుచుకున్నాక ముగ్గురూ గిట్టల జాడ పట్టారు. కూలిన చెట్టు దాటగానే మంచు మీద గులాబి రంగు. అందులో నురగ.

"ఊపిరితిత్తులకే తగిలింది," అన్నాడు మామయ్య.

ఆ పక్కనే దుప్పి. చుట్టూ మంచు చెదరలేదు. కాళ్లు కొట్టుకున్న గుర్తే లేదు. సెన్యా దాని మెడ మీద చెయ్యి వేసి నిమిరింది. తర్వాత ముఖమంతా నవ్వై, చెయ్యి చాపింది.

"కత్తెర ఇలా తే, మరిదీ."

"నేనేం గురి తప్పానూ?"

"వెతక్కుండానే తగల్లేదన్నావుగా! అంతకంటే తప్పడం ఇంకేం ఉంటుంది?"

మామయ్య అప్పటికే ఆర్వో చొక్కాని పంట్లాములోంచి పైకి లాగేస్తున్నాడు. ముగ్గురి నవ్వుకి కొమ్మల మీది మంచు రాలింది.

సాయంత్రం పెనం మీద ఉల్లిపాయలతో కార్జం వేగుతుంటే సెన్యా సూది పట్టుకుని కూర్చుంది. ఎర్ర చొక్కాకి ఆర్వో చొక్కా నుంచి కత్తిరించిన పచ్చ ముక్క అతుకుతోంది.

గుడిసెనానుకుని ఉన్న ఆవిరిస్నానం గది తలుపు తీసి ఆర్వో తల బయటపెట్టాడు. "వదినా, ఎర్రదారం వేస్తున్నావేం? కుట్టు కనబడిపోతుంది!"

"కనబడాలనే," అంది సెన్యా, దారం పంటితో తెంపుతూ.