ఎక్కటిగూడెం పాతర మూత

నేను ఒక మూతబండను. ఎక్కటిగూడెం వీరుల కొట్టంలో, మూడు నిలువుల లోతున్న ధాన్యపు పాతరకు ఏడు వందల ఏళ్లు కాపలా ఉన్నదాన్ని. పుట్టుకతో రాయినే గానీ ఏనాడూ ఒక్క ముక్క రాయనిదాన్ని. ఉలి దెబ్బలు తిని పెరిగాను కనుక చిన్నాచితకా వాటికి ఉలిక్కిపడను. అలాంటిది ఇప్పుడు మాట్లాడుతున్నానంటే, ఊరికే కాదు.

నన్ను చెక్కించినవాళ్లు ఎక్కటి వీరులు. పక్కన తోడు లేకుండా ఒంటరిగా శత్రువును ఎదుర్కొంటామని ప్రతినబట్టిన దండు వాళ్లది. పేరుకు ఒంటరులు, పంక్తికి కూర్చుంటే నూటపది విస్తళ్లు! కాకతీయ రాజు వాళ్లకు ఈ ఊరి పొలాలు రాసిచ్చాడు. పండిన జొన్నలో ఒక పాలు నా కిందికి పోయేది. యుద్ధంలో కాలో చెయ్యో పోగొట్టుకున్నవాడికీ, మొగుణ్ణే పోగొట్టుకున్నదానికీ ఆ గింజలు. కత్తి పట్టినన్నాళ్లూ రాజు తిండి, కత్తి జారాక నా తిండి.

పాతర తెరవడానికి ఒకే ఇంటివాళ్లు ఉండేవారు. పాతరోళ్లు అనేవారు వాళ్లను. వాళ్లదొక కట్టుబాటు. మూత తీసిన రోజు ఎవరూ దిగకూడదు. మర్నాడు తాడుకు కట్టి దీపం దించాలి. దీపం ఆరిందా, మనిషి దిగకూడదు. మూసిపెట్టిన గింజ లోపలి గాలిని తినేసి విషం చేస్తుంది మరి. గుర్రం దిగిన ఎంత మొనగాడైనా ప్రమిద తర్వాతే పాతరలో దిగాలి.

ఎక్కటీలు పోయారు. జాగీర్దారు వచ్చి కొట్టంలో గుర్రాలను కట్టాడు. దొర వచ్చి ఎడ్లను కట్టాడు. అందరూ కట్టినవాళ్లే, కూలిన గోడ కట్టినవాడు మాత్రం లేడు! చివరికి ప్రభుత్వం వచ్చి బోర్డు కట్టింది.

బోర్డు వెనకే పురుషోత్తం సారు వచ్చాడు. పాత కట్టడాలను కాపాడే అధికారి. చెడ్డవాడని అనలేను. గోడల మసిని రెండేళ్లు దూదితో తుడిపించాడు. మసి కింద వీరుల బొమ్మలు బయటపడితే పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఆనాటి నుంచి కొట్టంలో అగ్గిపుల్ల గీయకూడదు. బీడీ వెలిగించినవాణ్ణి చూస్తే బీడీ కంటే ముందు ఆయన మండేవాడు.

రేపు మంత్రి వచ్చి కొట్టాన్ని ప్రారంభిస్తాడనగా, పాతర అడుగు శుభ్రం చేయాలని పైనుంచి మాట వచ్చింది. ఆరుగురు గడ్డపారలు వేసి నన్ను పెళ్లగించి, కంచె అవతలికి దొర్లించారు. పాతరలోకి నిచ్చెన వేశారు. దిగడానికి ఓదెలు పంచె ఎగ్గట్టాడు. కూలివాడు, ముప్పై దాటలేదు.

పాతరోళ్ల ఇంట మిగిలిన ముసలిది ఎల్లవ్వ, ప్రమిద పట్టుకుని ఆయాసపడుతూ వచ్చింది.

"దిగకు బిడ్డా! ఇయ్యాల మూత దీసి ఇయ్యాల్నే దిగుతార్రా ఎవలన్న? దీపమన్న దించనియ్యుండ్రి."

"లోపల మంట పెట్టకూడదు అవ్వా," అన్నాడు సారు. "మసి పడుతుంది. రెండేళ్ల కష్టం."

"మసి గడిగితె పోతది సారూ. మనిషి పోతె?"

"నీకు కావాల్సింది వెలుతురే కదా?" సారు జేబులోంచి బ్యాటరీ టార్చి తీసి ఓదెలు చేతిలో పెట్టాడు. "ఇదిగో, నీ దీపానికి పదింతలు."

"గది ఎలుగు కోసం గాదు సారూ..."

ఓదెలు నవ్వాడు. "నన్నేమన్న పెండ్లికొడుకును జేస్తున్నవానే అవ్వా, దీపాలు వట్టుకొచ్చినవ్? ఎన్ని బాయిలల్ల పూడిక దియ్యలే నేను! రాజవ్వ సద్ది దెచ్చేలోపు పైన ఉంట."

రాజవ్వ అతని పెళ్లాం. నిచ్చెన ఎనిమిది మెట్లు దిగేదాకా ఆ నవ్వు వినపడింది. తొమ్మిదో మెట్టు దగ్గర ఆగిపోయింది.

పైకి తీయడానికి గంట పట్టింది. ఓదెలు కుప్పకూలాక గానీ దిగడానికి ఎవరికీ భయం పుట్టలేదు. ఆ గంటసేపూ అడుగున టార్చి వెలుగుతూనే ఉంది. మనిషి ఆరిపోయినా అది ఆరలేదు. బ్యాటరీకి గాలితో పనేముంది?

మంత్రి రాలేదు. కాగితం వచ్చింది. "కూలీ హెచ్చరికను లెక్కచేయక, అనుమతి లేకుండా దిగెను." హెచ్చరిక నిజమే. చేసినదెవరో, లెక్కచేయనిదెవరో మాత్రం తారుమారైంది. ఆ కాగితం నిలిస్తే రాజవ్వకూ ఇద్దరు పిల్లలకూ సర్కారు నుంచి పిడికెడు గింజల ఆదరువు కూడా ఉండదు.

మూడో రోజు పోయినవాడి పేర పిట్టకు పెట్టడానికి రాజవ్వ వచ్చింది. లోపల అన్నం పెట్టొద్దని కాపలావాడు అడ్డుపడ్డాడు. కంచె బయట పడి ఉన్న నా మీదే విస్తరి పరిచింది. కాకులు వేపకొమ్మ మీద కూర్చున్నాయి, దిగలేదు. పోయినవాడి మనసులో ఏదో మిగిలితే కాకి ముట్టదు. అదేమిటో బతికున్నవాళ్లు పైకి చెప్పి మాటివ్వాలి.

"పిల్లలను సదివిపిస్త," అంది రాజవ్వ. కాకి కదల్లేదు.

"అమ్మను నేను జూసుకుంట అన్నా," అన్నాడు ఓదెలు తమ్ముడు. కదల్లేదు.

దూరంగా నిలబడ్డ పురుషోత్తం సారు ముందుకొచ్చాడు. "నీకు ఇక్కడే ఊడ్చే పని ఇప్పిస్తానమ్మా."

ఎల్లవ్వ ఆయన మొహంలోకి చూసింది. "గది గాదు సారూ. నువ్వు జెప్పేది ఇంకోటున్నది. జెప్పు, దిగుతది."

ఆయన నోరు తెరిచాడు. కాపలావాణ్ణి చూశాడు, గుమాస్తాను చూశాడు, ఫోటో తీస్తున్న విలేకరిని చూశాడు. నోరు మూసుకున్నాడు. వందల ఏళ్లు మూతగా బతికిన నాకే అంత గట్టిగా మూయడం చేతకాలేదు.

విస్తరి ఆవుకు పెట్టి అందరూ వెళ్లిపోయాక ఆయన ఒక్కడే తిరిగి వచ్చాడు. నా పక్కన కూలబడి, నా మీద అరచెయ్యి ఆనించి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని అన్నాడు.

"దీపం ఆపింది నేనే. అది గాలి చూడటానికని నాకు తెలీదు. అవ్వ చెప్పబోయింది, నేను వినలేదు."

మర్నాడు విచారణలో ఆ మాట అనలేదు. ఎల్లవ్వ చెప్పింది గానీ, ముసలిదాని చాదస్తమని పక్కన పెట్టారు. కాగితమే నిలిచింది.

చెప్పవలసిన చోట చెప్పకుండా రాయికి చెప్పి, బరువు దించుకుని పోయాడాయన. ఎంత బరువైనా మోసేదాన్నే, ఇది మాత్రం మోయలేను. మీలో ఎవరైనా ఎక్కటిగూడెం వైపు వెళ్తే, కొట్టం వెనక సందులో మూడో ఇల్లు రాజవ్వది. తలుపు తట్టి, ఆయన అన్నది అన్నట్టుగా ఆమెకు చెప్పండి.