రాహుకాలానికి ముందు నొక్కిన మీట

మా అత్తగారు పుణ్యవతిగారికి లినక్స్ అంటే ఏమిటో తెలియదు. శుక్రవారం రాహుకాలం పదిన్నరకు మొదలవుతుందని మాత్రం బాగా తెలుసు. ఆ తెలివే నా కొంప ముంచిందని ఆ రోజు మధ్యాహ్నం దాకా గట్టిగా నమ్మాను.

పాప పుట్టాక కంప్యూటర్ ఉద్యోగం మానేసి ఆరేళ్లయింది. మళ్లీ చేరదామని ఏడాదిగా పంపుతున్న దరఖాస్తులకు వచ్చిన జవాబులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కొండాపూర్‌లో ఒక చిన్న కంపెనీ మాత్రం పరీక్షకు రమ్మంది. శుక్రవారం నాలుగింటికి రావాలి, సొంత ల్యాప్‌టాప్‌లో విండోస్ బదులు లినక్స్ మీరే ఎక్కించుకుని తేవాలి అని గురువారం సాయంత్రం మెయిల్ పెట్టారు. ఇది కూడా పోతే ఇక ఎవరినీ అడగకూడదనుకున్నాను. అంత విసుగొచ్చేసింది.

పొద్దున వంట ముగించి, పాపను స్కూలు బస్సెక్కించి, కూరలు కొనుక్కుని కూకట్‌పల్లిలో మా మూడంతస్తులు ఎక్కేసరికి పదింబావు. లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్ పట్టుకుని కూర్చోబోతుంటే అత్తగారు క్యాలెండర్ దగ్గర నుంచి కేకేశారు.

"ఉమా, పదిన్నర లోపు మొదలుపెట్టెయ్. రాహుకాలంలో ముట్టుకుంటే పని సాగదు."

"గంట పట్టే పనండీ అత్తయ్యగారూ."

"పూర్తి చెయ్యమన్నానా? నాలుగు మీటలు నొక్కి ఆపెయ్, మొదలైనట్టే. ముహూర్తానికి ప్రయాణం కుదరకపోతే సంచీ పక్కింట్లో పెట్టి రావట్లేదూ? మిగతాది పన్నెండు దాటాక చూసుకో."

వాదించే ఓపిక లేదు. డిస్కును భాగాలు చేసేదాకా వెళ్లి, ల్యాప్‌టాప్ ఆపేసి లేచాను.

పన్నెండు దాటాక మళ్లీ పెన్‌డ్రైవ్ పెట్టాను. భాగాలు పొద్దున చేసినవే ఉన్నాయి కదా అని వాటినే వాడుకున్నాను. చివర్లో ఎర్రటి తెర మీద ఏదో హెచ్చరిక వచ్చింది. నేను గడియారం చూశాను గానీ దాన్ని చదవలేదు. ముందుకే నొక్కాను. అంతా అయ్యాక పెన్‌డ్రైవ్ తీసి ఆన్ చేస్తే, మొదలవడానికి డిస్కులో ఏమీ దొరకలేదని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది.

వేరే పెన్‌డ్రైవ్ పెట్టి చూశాను. సెట్టింగుల్లో కనిపించినదల్లా మార్చి, మళ్లీ ఉన్నట్టే పెట్టాను. రెండయింది. అదే నల్ల తెర, అదే ముక్క. అన్నం కూడా తినలేదు, ఒళ్లు మండిపోతోంది.

"బుద్ధి లేక మీ మాట విన్నాను," అనేశాను.

అత్తగారి మొహం చిన్నబోయింది. లోపలికి వెళ్లిపోతారనుకున్నాను. వెళ్లలేదు. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. నేను బింకంగా మళ్లీ పెన్‌డ్రైవ్ నుంచి మొదలుపెట్టాను.

"పొద్దున ఇలా లేదే," అన్నారు మెల్లగా.

"అన్నీ ఇలాగే ఉంటాయండీ."

"లేదమ్మా, నీ వెనకే నిలబడి చూశాగా. పైన రాసిన పేరు వేరే. అప్పుడు జాబితాలో పైది నొక్కావు, ఇప్పుడు కిందది నొక్కావు."

ఆపి మళ్లీ చూశాను. జాబితాలో నా పెన్‌డ్రైవ్ పేరు రెండుసార్లు ఉంది. కంప్యూటర్ మొదలవడానికి పాత పద్ధతొకటి, కొత్త పద్ధతొకటి ఉంటాయి. పొద్దున పాత పద్ధతిలో డిస్కు సిద్ధం చేసి, మధ్యాహ్నం కొత్త పద్ధతిలో దాని మీద లినక్స్ ఎక్కించాను. ఇక అదెక్కడ మొదలవుతుంది!

డిస్కు మొత్తం తుడిచేసి, కొత్త పద్ధతిలోనే ఆది నుంచి మొదలుపెట్టాను. అది ఎక్కుతున్నంతసేపూ అత్తగారు పెరుగన్నం కలిపి ముద్దలు పెడుతుంటే తిన్నాను. మూడింటికి పది నిమిషాలుండగా పేరు, పాస్‌వర్డ్ అడుగుతూ తెర వెలిగింది.

కొండాపూర్‌లో పరీక్ష పెట్టినాయన పేరు శివ. నా కాగితాలు తిరగేసి, "ఆరేండ్లు గ్యాప్ ఉంది కదా మేడమ్. ఈ నడుమ ఏదన్న ఖరాబైతే మీరే బాగు చేసిండ్రా?" అన్నాడు.

"ఈ రోజే," అన్నాను.

రాహుకాలం కథ నోటిదాకా వచ్చింది. చెబితే ఆయన పడీపడీ నవ్వేవాడే. కానీ నిజం అది కాదు. మధ్యలో ఆపినందుకు ఏమీ కాలేదు. ఆ ఎర్ర తెర దగ్గర ఆగి చదివి ఉంటే తప్పు అక్కడే దొరికేది.

"హెచ్చరిక వచ్చింది. చదవకుండా నొక్కేశాను. తప్పు నాదే. తేడా పట్టుకున్నది మా అత్తగారు," అని జరిగింది జరిగినట్టు చెప్పాను.

"ఈడికొచ్చినోళ్లు అందరూ మెషీన్‌దే తప్పంటరు," అని ఆయన రెండు పనులిచ్చాడు. గంటలో రెండూ చేసిచ్చాను. చూసి, "ఇగ సోమవారం నుంచి రాండ్రి," అన్నాడు.

రోడ్డు మీదికి రాగానే ఇంటికి ఫోన్ చేశాను.

"అత్తయ్యగారూ, ల్యాప్‌టాప్ విషయంలో తప్పు మీది కాదు, నాది. అక్కడ కూడా అదే చెప్పాను."

"అది నాకెప్పుడో తెలుసులేవే. ఉద్యోగం సంగతి చెప్పవేం?"

వచ్చిందని చెప్పబోయాను. వెనక ఆటోలు హారన్లు మోగిస్తుంటే అక్కడే నిలబడి ఏడ్చేశాను. ఆవిడకు అర్థమైపోయింది.

"సరే సరే, ఇంటికి రా," అన్నారు, ముక్కు చీదుకుంటూ.