ఐస్‌క్రీమ్ కొట్లో పని చేయనివాడు

మా విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్ చదివే పిల్లలందరూ ఒకే సరస్సు ఒడ్డున, ఒకే ఐస్‌క్రీమ్ కొట్లో వేసవి ఉద్యోగం చేశారు. అందరికీ యజమాని పేరు బెంట్. అందరికీ మొదటి రోజు వానే కురిసింది. చివర్లో అందరూ "ఆ అనుభవం నాకెంతో నేర్పింది" అని నా మొహం చూడకుండా చెప్పేసి, కుర్చీలోంచి లేచిపోతారు.

ఇదీ మా స్వీడిష్ నోటి పరీక్ష. ఫిన్లాండ్‌లో ఫిన్నిష్ మాట్లాడే ఇంట్లో పుట్టిన వాళ్ళెవరికైనా డిగ్రీ పట్టా చేతికి రావాలంటే స్వీడిష్ గట్టెక్కాలి. దేశానికి రెండు భాషలు, చట్టం అలా ఉంది. పిల్లలు దీన్ని బలవంతపు స్వీడిష్ అంటారు. ఇరవై రెండేళ్ళుగా ఆ బలవంతం చేస్తున్నదాన్ని నేను, సోల్వే నీహోల్మ్‌ని. పడమటి తీరంలో టమాటాలు పండించే, స్వీడిష్ మాట్లాడే వాళ్ళ ఇంట్లో పుట్టాను. ఆ ఐస్‌క్రీమ్ కథను ఎవరో బుద్ధిమంతుడు పదిహేనేళ్ళ కిందట రాసి, విద్యార్థి సంఘం వాళ్ళ పాత పేపర్ల బీరువాలో పెట్టిపోయాడు. అప్పట్నించి ఏటా ఏప్రిల్లో అందరూ దాన్ని బట్టీపట్టి వచ్చి నాకు అప్పజెబుతున్నారు.

నిరుడు నాకు ఒళ్ళు మండింది. కథ మధ్యలో ఆపి, "మీ కొట్లో ఏ రకం ఎక్కువ అమ్ముడుపోయేది?" అని అడిగాను. ఇరవై మందిలో తొమ్మిదిమంది నోరు తెరిచి అలాగే ఉండిపోయారు. తొమ్మిదిమందినీ ఫెయిల్ చేశాను.

ఈ ఏడాది మార్చి చివర్లో మా భాషా విభాగం అధిపతి పైవిక్కి నన్ను కాఫీ గదికి పిలిచింది. మంచి మనిషే. కానీ యాలకుల బన్ను నా వైపు జరిపిందంటే చెడ్డ కబురేదో ఉన్నట్టే.

"ఈసారి ఇరవైలో పదిహేనుమంది పాసవ్వాలి సోల్వే. లేకపోతే ఈ కోర్సు కంప్యూటర్లోకి పోతుంది. పిల్లలు ఇంట్లో కూర్చుని గళ్ళు నింపుకుంటారు. తరగతీ ఉండదు, నీ ఉద్యోగమూ ఉండదు. పైవాళ్ళు తేల్చేశారు."

"పదిహేనుమందిని ఎక్కణ్ణించి తేను? నోరే విప్పరు కదా."

"ఐస్‌క్రీమ్ కథ చెప్పుకోనీ. నువ్వు అడ్డుపుల్ల వేయకుండా విను, మార్కులు వెయ్. ఎవరి కొంపా మునగదు."

"ఇన్నేళ్ళుగా మునుగుతూనే ఉంది," అన్నాను. బన్ను మాత్రం తినేశాను.

మర్నాడు తరగతికి వెళ్ళాను. విద్యార్థులు ఊరేగే మే డే పండగ దగ్గరపడుతోంది కదా, సగంమంది అప్పుడే గుడ్డముక్కల బొమ్మలు కుట్టుకున్న విద్యార్థి సంఘం దుస్తుల్లో దిగారు. ఒకమ్మాయి ఫోను చూసుకుంటోంది. వెనక వరసలో ఓత్సో అనే కుర్రాడు టోపీ కళ్ళమీదకి లాక్కుని మేజోళ్ళు అల్లుకుంటున్నాడు. పాఠం అడిగితే ఇరవైమందీ బల్లలకేసి చూశారు. ముందు వరసలోని టూక్కా పక్కవాడితో ఫిన్నిష్‌లో గొణిగాడు.

"ఈ దిక్కుమాలిన భాష ఎవడిక్కావాలిరా?"

వినబడనట్టు ఊరుకోవడం మా ఉద్యోగంలో సగం. ఆరోజు ఊరుకోలేదు.

"టూక్కా, ఆ మాట స్వీడిష్‌లో అను."

"అబ్బే, ఊరికే అన్నాను..."

"ఊరికే అనొద్దు. గట్టిగా అను. ఇదిగో, అందరూ వినండి. ఈ ఏడాది పరీక్షలో ఒక్కటే ప్రశ్న. ఈ కోర్సు ఎందుకు ఎత్తేయాలి? ఒక్కొక్కరికి ఎనిమిది నిమిషాలు. ఎదురుగా నేను కూర్చుంటాను, మధ్యమధ్యలో అడ్డు తగులుతాను. ఇన్నేళ్ళుగా నా వెనకాల తిడుతున్నారుగా, ఈసారి ఎదురుగా తిట్టండి. స్వీడిష్‌లో."

గది ఒక్కసారి నిద్రలేచింది. తూర్పు సరిహద్దు ఊరినుంచి వచ్చిన హిల్లా చెయ్యెత్తింది. "నిజంగా తిడితే మార్కులు కోసెయ్యరా?"

"ఎంత బాగా తిడితే అన్ని మార్కులు. ఇంకో సంగతి కూడా చెప్తా, దాచడం దేనికి. పదిహేనుమంది పాసైతే నేను వచ్చే ఏడు ఇక్కడుంటా. ఒక్కరు తగ్గినా పోతా."

వెనక వరసలో సూదులు ఆగాయి. ఆ ఏడాదంతా ఓత్సో నాతో మాట్లాడింది అప్పుడే, అదీ ఫిన్నిష్‌లో.

"అంటే, మీరు పోవాలని మేం బాగా వాదిస్తే పాసవుతాం. పాసైతే మీరుంటారు. భలే ఉందే మీ న్యాయం."

అందరూ గొల్లుమన్నారు. నాకూ నవ్వొచ్చింది. తెలివైనవాడు.

"ఈ ఆట నేనాడను," అన్నాడు. "నోరే విప్పను."

"విప్పకపోతే ఫెయిల్ చేస్తా."

"చేసుకోండి," అని మళ్ళీ అల్లిక మొదలెట్టాడు.

ఆ తర్వాతి నాలుగు వారాలూ నా జీవితంలో మంచి రోజులు, ఉన్నమాట చెప్పాలి. ముందు తరగతుల్లో నోట ఒక్క స్వీడిష్ ముక్క కూడా పెగలనివాళ్ళు, ఇప్పుడు నడవాలో నన్ను ఆపి మరీ మాటలు అడిగేవారు. "సోల్వే, దండగమారి అనడానికి ఏమంటారు?" "సోల్వే, మొండిఘటం అనడానికి?" మొండిఘటం ఎవరి కోసమో అడగకుండానే చెప్పాను. టూక్కా ఒకరోజు నామీద అరిచి, అరిచింది స్వీడిష్‌లోనని గుర్తొచ్చి ఎర్రబడ్డాడు. ఓత్సో మాత్రం ఒక్క తరగతి మానలేదు, ఒక్క ముక్క మాట్లాడలేదు.

పరీక్ష ఏప్రిల్ చివర్లో, రెండు రోజులు. నా పక్కన రెండో పరీక్షకురాలిగా పైవిక్కి కూర్చుంది. హిల్లా వచ్చి, తమ ఊళ్ళో కొట్టు తెరిస్తే వచ్చేవాళ్ళు రష్యన్ మాట్లాడతారని, తనకు రాని ఆ భాషను ఎవరూ నేర్పలేదని, ఎన్నడూ చూడని స్వీడిష్ వాళ్ళ కోసం బడి రోజుల్నుంచీ తన ఏళ్ళకేళ్ళు పాడుచేశారని కడిగిపారేసింది. నేను అడ్డు తగిలితే "ఆగండి, నేనింకా పూర్తిచేయలేదు," అంది. ఆ మాటకే లేచి కౌగిలించుకోవాలనిపించింది. టూక్కా సగం మాటలు తప్పులే పలికాడు, కానీ బల్ల గుద్ది మరీ పలికాడు. ఐదుగురు మాత్రం కంప్యూటరు రాసిచ్చిన ఉపన్యాసం వల్లెవేసి, నా మొదటి ప్రశ్నకే బోర్లాపడ్డారు. పంతొమ్మిదిమంది అయ్యేసరికి పద్నాలుగు పాసులు, ఆ లెక్క బయట పిల్లలందరికీ తెలుసు. మిగిలింది ఓత్సో.

వచ్చి కూర్చున్నాడు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ప్రశ్న చదివాను. తలూపాడు. గడియారం నొక్కాను.

మావాళ్ళకి మౌనం కొత్త కాదు. బస్సులో, ఆవిరి స్నానంలో, పెళ్ళిలో కూడా హాయిగా మౌనంగా ఉంటాం. ఇది వేరు. నా కళ్ళలోకి చూస్తూ కూర్చున్నాడు. ఒక నిమిషం పోయింది. మూడు పోయాయి. మాట్లాడరా నాయనా, ఒక్క ముక్క అనరా, నన్నే తిట్టరా అని లోపల బతిమాలాను. పైకి అడగలేదు. ఎనిమిదో నిమిషం అయిపోయింది.

పైవిక్కి కాగితం ముక్కమీద రాసి నా ముందుకు తోసింది. "ప్రశ్న అర్థమై తలూపాడు. ఒకటి వెయ్." ఐదు మార్కుల్లో ఒకటంటే పాసు.

వేయాలనిపించింది. ఆ తరగతి నాది, ఆ నాలుగు వారాలు నావి, యాభై ఏడేళ్ళ వయసులో నాకు ఇంకో పని ఎవరూ ఇవ్వరు. పెన్ను ఒకటి మీదే ఆగింది. కానీ ఒకటి వేస్తే, ఇతను కూడా ఆ ఐస్‌క్రీమ్ కొట్లో పనిచేసినట్టే. సున్నా చుట్టి, కాగితం అతనివైపు తిప్పాను.

ఓత్సో మొహం పాలిపోయింది. లేచి తలుపుదాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. మాటకీ మాటకీ మధ్య వెతుక్కుంటూ, స్వీడిష్‌లో అన్నాడు.

"మీకు... ఒక్కడే తక్కువ. ఎందుకు వేయలేదు?"

పైవిక్కి కుర్చీలోంచి ఎగిరినంత పనిచేసింది. "మాట్లాడాడు! ఇంకా గదిలోనే ఉన్నాడు! వెయ్ సోల్వే!"

"టైము అయిపోయింది," అన్నాను. తర్వాత అతనితో స్వీడిష్‌లోనే, నిదానంగా అన్నాను: "నోరు విప్పనన్నావు, మాటమీద నిలబడ్డావు. ఫెయిల్ చేస్తానన్నాను, నేనూ నిలబడ్డాను. ఇరవై రెండేళ్ళలో నా ముందు ఇంత నిజంగా కూర్చున్నవాడు ఇంకొకడు లేడు. నీకు దొంగ మార్కు ఎలా వేస్తానయ్యా?"

అతనికి ఎంత అర్థమైందో తెలియదు. వెళ్ళిపోయాడు. జూలై నెలాఖరుకి నా గది తాళం అప్పజెప్పి, పడమటికి మా తమ్ముడి అద్దాల పందిరి తోటలో టమాటాలు కోయడానికి వెళ్ళిపోయాను. పశ్చాత్తాపపడ్డావా అని మా తమ్ముడు అడిగాడు. జీతం విషయంలో పడ్డాను, సున్నా విషయంలో పడలేదు.

ఆగస్టు చివర్లో, టమాటా మొక్కల వరసల మధ్య ఉండగా పైవిక్కి ఫోన్ చేసింది.

"ఇవాళ తప్పినవాళ్ళకి మళ్ళీ పరీక్ష పెట్టాం. కంప్యూటర్లో గళ్ళు నింపితే చాలని చెప్పాం. నీ ఓత్సో నింపనన్నాడు. మనిషి ఎదురుగా కూర్చోవాల్సిందేనని పట్టుబట్టాడు. చేసేదిలేక నేనే కూర్చున్నాను."

"మాట్లాడాడా?"

"పావుగంట. ఆపితే ఆగడే! నిన్ను పంపేసినందుకు నన్నూ, పైవాళ్ళనీ దులిపి ఆరేశాడు. మొండిఘటాలన్నాడు మమ్మల్ని. తప్పులు లెక్కలేనన్ని ఉన్నాయనుకో, కానీ ప్రతి ముక్కా అర్థమైంది."

"ఎంత వేశావు?"

"నాలుగు."

"నేనైతే మూడే వేసేదాన్ని," అని ఫోన్ పెట్టేసి, టమాటాల బుట్ట పక్కన కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాను.