పుట్టింటి నీళ్ళు

మా పై సరస్సు తెగి వచ్చిన వరదకు రెండో ఏడు ఇది జరిగింది. మా గొంబోర్ ఊళ్ళో అన్నిటికీ ఆ వరదే లెక్క. ఫలానా పిల్ల వరదకు ముందు పుట్టింది, ఫలానా జడలబర్రె వరద తర్వాత ఈనింది అంటాం.

వరద మిల్లును, కింది పొలాలను, తకీ ఇంటిని తీసుకుపోయింది. అంతకంటే పెద్ద నష్టం తర్వాత తెలిసింది. కొండ మీది మంచు మేట కరిగి కరిగి బండ చాటుకు తగ్గిపోయింది. దాని నీళ్ళు అవతలి లోయలోకి జారిపోతున్నాయి. మా కాలువ మొదట్లో చెయ్యి పెడితే తడి మాత్రమే తగిలేది. ఒక వేసవి ఎట్లాగో గడిపాం. ఇంకొకటి గడవదని అందరికీ తెలుసు. పట్నం పక్క ఇసుకలో చోటిస్తామని సర్కారువాళ్ళు అన్నారు. చలి తగ్గగానే పోదామని సగం ఊరు మూటలు కట్టింది.

అపో బునియాత్ కట్టలేదు. ఆయన ఊరందరికీ తాత. కుర్రతనంలో మంచు మోసినవాళ్ళలో మిగిలింది ఆయన ఒక్కడే.

"మంచు నాటుదాం" అన్నాడు ఒకరోజు, మసీదు గోడ పక్కన ఎండకు కూచుని.

మంచులో మగది, ఆడది ఉంటాయి. మగది నల్లగా, రాళ్ళు నింపుకుని కదలకుండా పడి ఉంటుంది. ఆడది తెల్లగా, లోపల నీలంగా ఉంటుంది. నీళ్ళిచ్చేది అదే. రెండింటినీ తెచ్చి ఎత్తైన చోట, ఎండ పడని సొరికెలో కలిపి మూస్తే కొత్త మంచు పెరుగుతుంది. దాన్ని పెళ్ళి అనే అంటాం. మా తాతల తాతలు చేసిన పని అది.

తకీ నవ్వాడు. "అది పెరిగి నీళ్ళిచ్చేది ఎప్పటికి అపో?"

"పన్నెండేళ్ళు. ఇరవై కూడా పట్టొచ్చు."

"అందాకా మేం ఏం తాగాలి? నీ గడ్డం పిండుకోవాలా?"

"పిండుకో. చెమటన్నా వస్తుంది. నీ ఒంట్లో అదీ లేదు."

మంచు కొలిచే పని మీద పట్నం నుంచి వచ్చే నర్గిస్ అప్పుడు అక్కడే ఉంది. కింది లోయ పిల్లే. చిన్నాపెద్దా అందరూ ఆమెను అక్కా అన్నట్టు బాజీ అనేవాళ్ళు. అపో ఆమె వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పు బాజీ. మా మంచు మళ్ళీ ముందుకొస్తుందా?"

ఆమె అంది. "గాడిద వీపున గోనె ఒక పక్కకు ఒరుగుతుంది చూడు. కొంతదాకా చేత్తో నెట్టి సర్దుతావు. ఒక చోటు దాటిందంటే ఇద్దరు పట్టినా ఆగదు. మంచు కూడా అంతే. కరిగితే పల్చబడి కిందికి దిగుతుంది. కింద వేడి ఎక్కువ. అందుకని ఇంకా కరుగుతుంది."

"మాది దాటిందా?"

"దాటింది అపో."

ఆమె మెల్లగా అంది. "లోకంలో ఇట్లాంటి గోనెలు చాలా ఉన్నాయి. పెద్ద పెద్దవి. కొన్ని ఒరిగాయి. కొన్నిటిని ఇంకా సర్దొచ్చు. ఇప్పటి మనుషులు చేసేది వేల ఏళ్ళ తర్వాత పుట్టేవాళ్ళకు కూడా తగులుతుంది. సముద్రం, మంచు అంత నిదానం. ఇప్పుడు తోస్తే అప్పటికీ కదులుతూనే ఉంటాయి."

అపో తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు. "మన చేతులు అంత పొడుగా" అన్నాడు. "నావి ఈ కాలువ దాకానే అందుతాయనుకున్నా."

"నువ్వు నాటేది బతుకుతుందని నేను చెప్పలేను."

"పెళ్ళికి రమ్మంటున్నా. పూచీ పడమనలేదు."

మగ మంచు మా దగ్గర మిగిలినదే చాలు. ఆడ మంచు కనుమ అవతలి సిల్దింగ్ వాళ్ళది. మా వరద కిందికి పోయి రెండు లోయలు కలిసేచోట వాళ్ళ వంతెనను తీసుకుపోయిన దగ్గర్నుంచి రెండూళ్ళకూ మాటల్లేవు. దొంగతనంగా తెచ్చిన మంచు బతకదు. పిల్లను ఆ ఇంట్లో అడిగి తెచ్చుకోవాలి.

అపో, తకీ, నర్గిస్ బాజీ, నేను పోయాం. ఒక వెన్న ముద్ద, ఎండు ఖుబానీల సంచీ తీసుకుపోయాం. నన్నెందుకని తకీ అడిగితే అపో, "నీ నోటికి పక్కన ఒక రాయి ఉండాలి" అన్నాడు. నా పేరు యావర్. మాట తక్కువని ఊళ్ళో రాయి యావర్ అంటారు.

సిల్దింగ్‌లో మాట చెల్లేది అపి జొహ్రాది. మా అపోలాగే ఆ ఊరికి అవ్వ. చిన్న మనిషి. ఉప్పు టీ పోయించి, మేం తాగేదాకా చూసింది.

"అబ్బాయి ఎట్లా ఉంటాడు?" అంది.

"నల్లగా, గట్టిగా" అన్నాడు అపో.

"ఒళ్ళంతా రాళ్ళేనట."

"కష్టం చేసేవాడికి ఒంటి మీద మట్టి ఉండదా?"

"కష్టమా? నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నా. ఉన్నచోటు నుంచి జానెడు జరగలేదు."

"ఇల్లు పట్టుకుని ఉండేవాడు కావాలా, ఊళ్ళు తిరిగేవాడు కావాలా నీకు?"

తలుపు చాటున ఆడవాళ్ళు నవ్వారు. అపి కూడా నవ్వింది. నవ్వు ఆగాక అంది. "ఇంట్లో ఉన్నదాన్నే నిలుపుకోలేదు మీరు. మా పిల్లను ఎట్లా నిలుపుతారు?"

అపో చేతిలో గిన్నె ఆగిపోయింది. తకీ ఏదో అనబోయాడు. అపో అతని మోకాలి మీద చెయ్యి వేశాడు. నిజమేనని అపో తలవంచుకుని ఒప్పుకున్నాడు. అపి అది గమనించింది.

ఆమె నర్గిస్ బాజీని అడిగింది. "పిల్లను పంపితే తల్లి చిక్కిపోతుందంటారు మా పెద్దలు. నిజమా?"

"ఒక బుట్ట మంచుకు ఏమీ కాదు అపి. కానీ మీ మంచు ఎట్లాగూ చిక్కిపోతోంది."

"గోనె ఒరిగిందా?" గోనె సంగతి అప్పటికే కనుమ దాటి వచ్చిందన్నమాట.

"ఇంకా లేదు. ఒరిగేట్టుంది. మీ మనవళ్ళకు నీళ్ళుంటాయి. వాళ్ళ మనవళ్ళ మాట లోకం నడిచేదాన్ని బట్టి."

అపి లేచి బయటికి పోయింది. వసారాలో నిలబడి పైన తెల్లగా మెరిసే మంచును చాలాసేపు చూసింది. లోపలికి వచ్చి కూచోలేదు.

"తల్లి బాగున్నప్పుడే పిల్లను ఒక ఇంటికి పంపాలి. ఆ తర్వాత పంపడానికి ఎవరుంటారు? తీసుకుపోండి. వెంట అన్న వస్తాడు. మా మోమిన్."

తకీ నోరు తెరిచాడు. "మోమినా? నిద్రలో కూడా పక్కవాణ్ణి పడుకోనివ్వడని విన్నాం."

అపి కొడుకు మోమిన్ గుమ్మంలోనే ఉన్నాడు. "అబద్ధం కాకా. నిద్రపోతేగా" అన్నాడు. "రెండు లోయల్లో జరిగేవన్నీ ఎవరో ఒకరు చెప్పాలి కదా. మీ రాయి యావర్ చెప్తాడా?"

ఇది నవ్వులాట కాదు. మంచు ఎత్తిన దగ్గర్నుంచి సొరికె మూసేదాకా మోసేవాళ్ళు నోరు విప్పకూడదు. బుట్ట నేలకు తాకకూడదు. పెళ్ళికూతురి బుట్టను మావైపు చెయ్యి ముట్టకూడదు. ఒక్కటి తప్పినా ఆ మంచు చచ్చినట్టే. మోసినవాడు మళ్ళీ ఎప్పుడూ పోయి చూడకూడదు కూడా. నేను ఇప్పటిదాకా పోలేదు. చూసినవాళ్ళు చెప్తే వింటాను.

"వీడు మాట్లాడితే నా పిల్ల చస్తుంది" అంది అపి. "వీడికి తెలుసు."

రాత్రిళ్ళు వాగు గట్టిపడే రోజులు వచ్చాక బయలుదేరాం. ముందురోజే అపోను జడలబర్రె మీద కూచోబెట్టి తాళ్ళతో కట్టి సొరికె దగ్గరికి ఎక్కించారు. గడ్డిమోపులాగా కట్టారని ఆయన దారి పొడుగునా తిట్టాడట. తెల్లవారుతూనే తకీ, నేను చెరొక బుట్టలో మగ మంచు ఎత్తుకుని కనుమకు చేరాం. నర్గిస్ బాజీ సొరకాయ బుర్రల్లో సింధు నది నీళ్ళు తెచ్చింది. ఆమె కూడా నోరు మూసుకునే వచ్చింది.

సిల్దింగ్ వాళ్ళు కనుమ దాకా వచ్చారు. ఆడవాళ్ళు నిజంగానే ఏడ్చారు. అపి జొహ్రా మోమిన్ వీపు మీది బుట్టలో చిటికెడు బార్లీ పిండి చల్లింది. కొడుకు తల వంచి చెవిలో ఏదో చెప్పింది. అతను కళ్ళు పెద్దవి చేసి ఆమెను చూశాడు. తల ఊపాడు. అప్పగింతలయ్యాక పుట్టింటివాళ్ళు వెనక్కి పోవాలి. పోయారు. మోమిన్ ఒక్కడే మాతో వచ్చాడు.

సొరికె ఇంకా పైన ఉందనగా రాళ్ళ జారుడు దాటాలి. మోమిన్ నాకు ముందు నడుస్తున్నాడు. పైనుంచి ఒక రాయి దొర్లి వచ్చి అతని కుడి పాదం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది.

అతని నోరు తెరుచుకుంది. అయిపోయిందనుకున్నాను. మెడ నరాలు తాళ్ళలా లేచాయి. ముఖం ఆకాశం వైపు తిరిగింది. చప్పుడు రాలేదు. కొంతసేపటికి నోరు తనంతట తానే మూసుకుంది. అతను నడిచాడు. రాళ్ళ మీద నెత్తురు పడుతూ పోయింది. దానిలోనే అడుగులు వేస్తూ నేను వెనక నడిచాను. రోజంతా వాగే మనిషి. ఊపిరి తప్ప ఏమీ వినిపించలేదు అతని దగ్గర.

చివరి ఎత్తు మొదట్లో మోమిన్ మోకాలు మడత పడింది. పడుతూ పడుతూ ముందుకు వంగి, అరచేతులు రాళ్ళకు ఆనించి, బుట్టను వీపు మీద నిలుపుకున్నాడు. అడుగు భాగం నేలకు జానెడు ఎత్తులో ఉంది. నర్గిస్ బాజీ చెయ్యి చాచి, గుర్తొచ్చి, వెనక్కి తీసుకుంది. ఆ బుట్టను మేం ముట్టకూడదు. అతను లేవలేడు. ఎవరూ నోరు విప్పకూడదు.

ముట్టకూడనిది బుట్టను. మనిషిని కాదు.

నేను తకీ ముందుకు పోయి నా బుట్ట చూపించాను. అతను చేతులు చాపి దాన్ని తన రొమ్ముకు ఎత్తుకున్నాడు. వీపున ఒకటి, ముందు ఒకటి. నేను మోమిన్ ముందు వీపు తిప్పి కూచున్నాను. అతను నన్ను చూశాడు. తర్వాత నా మెడ చుట్టూ చేతులు వేశాడు. నర్గిస్ బాజీ అతని నడుము పట్టి నెమ్మదిగా లేపింది.

పెళ్ళికూతురు అన్న వీపున, అన్న నా వీపున. కరిగిన చుక్కలు అతని మెడ మీంచి జారి నా మెడలో పడేవి. సుఖంగా లేదు. కానీ పల్లకీ ఎక్కి వచ్చిన మంచు అంతకు ముందు లేదు.

మమ్మల్ని ఆ వరసలో చూసి అపో ఏమీ అడగలేదు. అడగడానికి వీల్లేదు. చేతులతోనే చెప్పాడు. కింద బొగ్గు పరిచాం. మీద బార్లీ పొట్టు. మగ మంచు పెట్టాం. ఆడ మంచును మోమిన్ కూచునే తన చేతులతో దాని పక్కకు చేర్చాడు. మధ్యలో నీళ్ళ బుర్రలు ఉంచాం. అవి గడ్డకట్టి, పగిలి, రెంటినీ కలుపుతాయి. మళ్ళీ పొట్టు, మళ్ళీ బొగ్గు. రాళ్ళతో నోరు మూశాం. అపో దువా చదివాడు. ఆమీన్ అన్నాం. ఆ రోజు మా నోటి నుంచి వచ్చిన మొదటి మాట అదే.

మోమిన్ రెండు చేతులతో పాదం పట్టుకుని, పొద్దుటి నుంచి దాచుకున్న కేక పెట్టాడు. కొండకు తగిలి వెనక్కి వచ్చింది. నర్గిస్ బాజీ శాలువా చింపి కట్టు కట్టింది.

"ఎముక నేను కట్టిస్తా. కేకలు నువ్వే పెట్టుకో" అంది.

"నీ వీపు గాడిద వీపుకన్నా అన్యాయం యావర్ కాకా" అన్నాడు మోమిన్, కళ్ళు తుడుచుకుంటూ. "గాడిదకు కాస్త మాంసమన్నా ఉంటుంది. సరే, ఉండండి. అమ్మ ఒక మాట చెప్పమంది. మూశాకే చెప్పాలంది. అదే నన్ను ఎక్కువ చంపింది, కాలు కాదు."

"చెప్పరా" అన్నాడు అపో.

"పిల్ల ఇంకా పసిదట. కాపురానికి వచ్చి నీళ్ళు పోసేసరికి ఏళ్ళు పడుతుందట. అందాకా వియ్యాలవారి గొంతులు ఎండితే మాకు తలవంపులట. మా కాలువ కొండ మూల తిరిగేచోట గండి కొట్టుకోండి. అక్కడి నుంచి మీకు పల్లమే. పుట్టింటి నీళ్ళలో మూడో వంతు మీది."

తకీ అతన్నే చూస్తున్నాడు. "ఈ ముక్క ఆ రోజే చెప్తే ఏం పోయేది?"

"ఆ రోజే చెప్తే మీరు నీళ్ళ కోసం పెళ్ళి చేసుకున్నారని ఊళ్ళనుకుంటాయి కాకా. ఇప్పుడు ఎవరంటారు?"

తకీ ఒక రాయి మీద కూచున్నాడు. ముఖం అటు తిప్పుకున్నాడు. అపో చాలాసేపు సిల్దింగ్ వైపు చూశాడు. తన చేతులు ముందు పెట్టుకుని చూశాడు.

"ఆ ముసలిదాని చెయ్యి నాకంటే పొడుగు" అన్నాడు.

"కొండ మూల అంతా గట్టి రాయి అపో" అంది నర్గిస్ బాజీ. "తవ్వడం తేలిక కాదు."

"గట్టిదో మెత్తదో తవ్వేవాళ్ళకు తెలుస్తుందిలే బాజీ" అన్నాడు తకీ, అటే చూస్తూ. "మూటలు విప్పమని ముందు మా వాళ్ళకు చెప్పాలి."

దిగేటప్పుడు కూడా మోమిన్ నా వీపు మీదే. ఊరు చేరేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు. ఎవరి ఆవు ఈనింది, ఎవరి కోడలు అలిగింది, అన్నీ. నేను ఆపమనలేదు.

మర్నాడు పొద్దున్నే ఉప్పు టీ తాగి, గునపం భుజాన వేసుకుని కొండ మూలకు పోయాను. తకీ నాకంటే ముందే వచ్చి ఉన్నాడు. అతని పక్కన చోటు చూసుకుని తవ్వడం మొదలుపెట్టాను.