దించిన నీళ్ళ సీసా

డెబ్బై ఎనిమిదిలో వచ్చిన వరద తర్వాత బెంగాల్లో మళ్ళీ అన్ని నీళ్ళొచ్చిన ఏడాది అది, రెండువేల సంవత్సరం. రేవు పక్కనున్న గార్డెన్ రీచ్‌లో గల్లీలన్నీ మునిగాయి. నీళ్ళు తీశాయిగానీ, దాలమ్మకి వీధి కొళాయి దగ్గర్నుంచి మూడో అంతస్తుకి బకెట్లు మొయ్యడం మాత్రం తప్పలేదు. రోజూ ఆరు. మెట్టెక్కితే కుడి మోకాలు కలుక్కుమనేది.

"ముట్లాగిపోయిన ఆడదానికి నొప్పులు కాక మరేటుంటాయి? ఆ ఎలకల కొలువు మానీయ్, ఇంట్లో పడుండు," అనేవాడు మొగుడు బైరాగి. రేవు పని మానేసి రెండేళ్ళుగా అతనే ఇంట్లో ఉంటున్నాడు.

ఆ కొలువు సాల్ట్ లేక్‌లో, ఒక పరిశోధనశాలలో. ఎలకల బోన్లు కడిగి, అడుగున పరిచే పొట్టు మార్చాలి. అక్కడి డాక్టరమ్మ అరుంధతిది ఏలూరు. ఆడ ఎలకలకి అండాశయాలు తీసేస్తే వాటికీ ముట్లుడిగినట్టేనట. తర్వాత మోకాళ్ళు అరుగుతాయి. పాదాలకి సిరా పూసి, కాగితం మీద నడిపించి అడుగులు కొలుస్తారు.

"మనలాంటి వాళ్ళ మోకాళ్ళ కోసమే ఇదంతా, దాలమ్మా," అంది డాక్టరమ్మ. "కుంటేవాటికి మేత కింద పెట్టు, నీళ్ళ సీసా బాగా దించు. అవి నిక్కి అందుకోలేవు పాపం. నొప్పని చెప్పుకోలేవు కూడా."

దాలమ్మ దించింది. ఎలక తాగింది. సీసా మీద ఆమె చెయ్యి అలాగే ఉండిపోయింది. ఇది చెప్పుకోలేదు, సరే. నాకు నోరుంది కదా. ముప్పై ఏళ్ళుగా ఏం చెప్పాను? అత్త "మా కాలంలో నూతిలోంచి తోడేవాళ్ళం" అంటే బకెట్టెత్తాను. ఈయన దగ్గితే బకెట్టు దించి మందిచ్చి, మళ్ళీ ఎత్తాను. నా అడుగులు ఎవరైనా చూశారా, ఒక్కసారైనా?

కొలత అయిపోయిన కాగితం ఒకటి అడిగి తెచ్చుకుంది. సాయంత్రం మొగుడి ముందు పరిచింది.

"ఇదేటి?"

"ఎలక అడుగులు. కుడికాలు సూడు, సగమే ఆనింది. దీనికి నాను నీళ్ళు దించి ఎడతన్నాను. మరి నాకెవులెడతారు మావా?"

బైరాగి నవ్వాడు. "ఎలకతోటి సాటేటే నీకు?"

"సాటి నేదు. దానికి డాక్టరమ్మ ఉంది."

అతని నవ్వు ఆగింది.

"కొలువు మానను. నీళ్ళు మానేస్తన్నాను," అని బకెట్లు రెండూ గుమ్మం పక్కన బోర్లించింది. గొంతు పెంచలేదు. వెళ్ళి బియ్యం కడిగింది. బైరాగి ఆ కాగితం దగ్గరికి లాక్కుని, సగమే ఆనిన అడుగుల మీద వేలు పెట్టి చూశాడు.

మర్నాడు దాలమ్మ లేచేసరికి గుమ్మం దగ్గర బకెట్లు లేవు. కింద కొళాయి దగ్గర్నుంచి పొరుగింటి జగ్గమ్మ గొంతు.

"ఏటి బైరాగన్నా, ఆడోళ్ళ వరసలో నిలబడ్డావు? వదిన మంచాన పడిందేటి?"

"నేదు. అది కొలువుకెళ్ళాల."

మెట్టు మెట్టుకీ ఆగుతూ ఆరు బకెట్లూ తెచ్చాడు. తర్వాత నేల మీదున్న నీళ్ళకుండని ఎత్తి, తను కూర్చునే స్టూలు మీద పెట్టాడు. ఆమె వంగక్కర్లేకుండా.