ఇన్‌స్పెక్టరు గారి వాటా

బోగోలు అవతల, సముద్రపు ఒడ్డు పాలెంలో బడి పంతులమ్మ కరుణాకుమారికి ఆ ఉదయం కాలు ఒకచోట నిలవడం లేదు. ఎలా నిలుస్తుంది మరి! వచ్చింది ఇన్‌స్పెక్టరు పద్మనాభయ్యగారు. పిల్లలకు చదువు రాలేదని ఆయన రాసిపోతే బడి మూసేస్తారు. సరౌండ్ అంటే చుట్టుముట్టడమని ఆమె వారంగా గొంతు చించుకుంటోంది. "వాటర్ సరౌండ్స్ ది ఐలాండ్" అని పిల్లలు గడగడా అప్పజెబుతారు. అర్థమడిగితే గుడ్లప్పగించి చూస్తారు.

ఆయన అలా కుర్చీలో కూర్చున్నారో లేదో, ఒడ్డు నుంచి కేక.

"చేప దండిగా వచ్చిండాది! అలివి వల లాగాల, రండర్రా!"

అంతే, బడి ఖాళీ. అలివి వలను పడవలో తీసుకెళ్లి చేపల చుట్టూ వేస్తారు. రెండు కొసల తాళ్లూ ఊరంతా కలిసి ఒడ్డుకు లాగాలి. తాడు మీద చెయ్యేసిన ప్రతివాళ్లకూ వాటా ఉంటుంది.

"ఇది బడా, సంతా?" అని మండిపడుతూ ఆయన ఒడ్డుకు నడిచారు. తడి ఇసుకలో కాలు జారింది. పడబోతూ చేతికందిన తాడు పట్టుకున్నారు. వెనకవాళ్లు "హైలెస్సా" అన్నారు. ఇంక వదిలే సందేదీ? వల ఒడ్డెక్కేదాకా లాగారు పాపం.

"మీ బడి సంగతి రిపోర్టులో రాస్తాను" అని చేతులు దులుపుకుని బయల్దేరారు. కరుణాకుమారికి ఏడుపు ముంచుకొచ్చింది.

కదలనిస్తేగా! ఒడ్డున చేపలు వాటాలేస్తున్న కామమ్మ వచ్చి అడ్డం నిలబడింది. "యాడికి పోతుండారు సారూ? తాడు పట్టినోళ్లు వాటా తీసుకోకుండా పోతే రేపు మా వలకి చేప రాదు!"

అమ్మో, అంత మాటే! ఆడా మగా, పిల్లా జెల్లా అందరూ ఆయన చుట్టూ చేరారు. ఎటు తిరిగినా బుట్టలు, తడి చీరలు, నవ్వులు.

కామమ్మ కూతురు నాగులమ్మ బడిలో ఏనాడూ నోరు విప్పని పిల్ల. అదిప్పుడు చప్పట్లు కొడుతూ అరిచింది.

"టీచరమ్మా! నెట్ సరౌండ్స్ ది ఫిష్! పీపుల్ సరౌండ్ ది ఇన్‌స్పెక్టర్!"

పద్మనాభయ్యగారు దాన్ని ఎగాదిగా చూశారు. తర్వాత కళ్లద్దాలు జారేలా నవ్వారు.

"అచ్చంగా అంతేనే పిల్లా! ఎవరమ్మా నీకు నేర్పింది?"

అది కరుణాకుమారి కొంగు పట్టుకుంది.

ఆయన తన వాటా నెత్తళ్ల చేపలను రుమాల్లో మూటగట్టుకున్నారు. "వచ్చే ఏడు కూడా నేనే వస్తాను టీచరమ్మా" అన్నారు. "వల లాగే రోజేదో ముందే కబురు పెట్టండి."

వచ్చే ఏడు! అంటే బడి ఉంటుంది. కరుణాకుమారి నాగులమ్మను ఎత్తుకుని గిరగిరా తిప్పింది.