అమెరికా బావ, జపాన్ బామ్మర్ది

అమెరికా రెజ్లింగులో మనిషి రింగులోకి నడిచొచ్చేలోపు జపాన్‌లో సగం ఆట అయిపోతుంది. ఈ మాట మా బావతో ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. అమెరికా వాడికి పాట పెట్టాలి, పొగ వదలాలి, బాణసంచా కాల్చాలి. వచ్చినవాడు వెంటనే తలపడతాడా అంటే పడడు, మైకు అడుగుతాడు. అవతలివాడి పెళ్ళాన్నీ, ఊరినీ, పుట్టుకనీ తిట్టి, జనం చేత కేకలు వేయించుకుని, చివరికి కొట్టేది మూడు గుద్దులు. అవైనా తిన్నగా కొడతాడా? రిఫరీ అటు తిరిగినప్పుడు కుర్చీ తీసి వెనకనుంచి కొడతాడు. ఆ రిఫరీ ఎప్పుడూ అటే తిరిగి ఉంటాడు.

జపాన్ వాడికి మైకు లేదు. పేరు పిలుస్తారు. జనం రంగుకాగితాల చుట్టలు విసురుతారు. ట్రాక్ సూట్లు వేసుకున్న శిష్యులు వాటిని ఏరేస్తారు. గంట కొడతారు, అంతే. ఇక అరచేత్తో రొమ్ము మీద కొట్టుకోవడమే. తడిబట్ట బండకేసి కొట్టిన చప్పుడు. కాసేపటికి రొమ్ము ఉడికిన పీతలాగ ఎర్రబడుతుంది. తిన్నవాడు వెనక్కి తగ్గడు, ఇంకోటి కొట్టమని రొమ్ము చూపిస్తాడు. జనం అరవరు, ఊపిరి బిగబట్టి చూస్తారు. ఓడినవాడు లేచి వంగి దండం పెట్టి వెళ్తే గెలిచినవాడికన్నా వాడికే ఎక్కువ చప్పట్లు. ఓడిపోయినా మనిషి పెద్దవాడవడం నేను అక్కడే చూశాను. మా ఊళ్ళో చూడలేదు.

ఈ క్యాసెట్లు తెచ్చింది మా బావ చిట్టిబాబే. మా అప్ప, అంటే అక్క, నూకమ్మ మొగుడు. సరుకుల ఓడలో పనిచేసి, జపాన్ రేవులో దిగినప్పుడు నాలుగు క్యాసెట్లు, ఏ దేశం క్యాసెట్టయినా ఆడే డెక్కు ఒకటి తెచ్చాడు. తొంభై ఎనిమిదిలో మాట. అక్కుపల్లి పక్కన మా ఊళ్ళో అప్పటికి కేబులు వచ్చింది, అమెరికా ఆట అందులో రోజూ వచ్చేది. జీడిబట్టీలో పిక్కలు కాల్చి, చేతులు కిరసనాయిలుతో కడుక్కుని, నేను తిన్నగా అప్ప ఇంటికి పోయేవాణ్ణి. ఆరో తరగతిలో బడి మానేసినవాణ్ణి, నాకు వచ్చిన చదువంతా ఆ టీవీ ముందే వచ్చింది. విచిత్రం ఏమిటంటే జపాన్ వెళ్ళొచ్చిన బావకి అమెరికా ఆట ఇష్టం. టెక్కలి దాటి ఎరగని నాకు జపాన్ ఆట ఇష్టం.

"ఆల్లకి పిచ్చిరా సింహాద్రీ" అనేవాడు బావ. "నిజంగా కొట్టుకుంటే అదేటి గొప్ప? మన సంతలో తాగుబోతులు కొట్టుకోరేటి? కొట్టినట్టు కనబడాల, తగలకూడదు. పడ్డోడు సచ్చిపోనాడనుకోవాల జనం. ఆడు మాత్రం సక్కగా ఇంటికెల్లి కూడు తినాల. అదీ పనంటే."

"అది పని కాదు బావా, మోసం."

"మోసమేటి? సెడ్డోడి ఏసం కట్టినోడి పని సూసినావేటి? ఊరంతా ఉమ్మేత్తాది ఆడి మీద. ఆడు తిట్లన్నీ కాసుకుంతేనే మంచోడు మంచోడవతాడు. నీ జపానోడికి అది వొచ్చునా?"

"ఓలమ్మా, ఈల్ల గొడవ" అని మా అప్ప చేపల కూర గిన్నె మధ్యలో పెట్టేది. "బావాబావమరుదులు ఆత్తులకి కొట్టుకుంతారు గానీ, ఈల్లు దేశాలకి కొట్టుకుంతన్నారు." మేనకోడలు లావణ్య అప్పుడు చిన్నపిల్ల, నా ఒళ్ళో కూర్చుని ఇద్దరి మాటలకీ తలూపేది.

నా బతుకులో బాగున్న రోజులంటే అవే.

మా ఊరికి రెండు వీధులు. మా వీధి త్రినాథరావు బాబుది, అప్ప వాళ్ళ వీధి మోహన్‌రావు బాబుది. తోటలు వాళ్ళవి, బట్టీలు వాళ్ళవి, మా ఇళ్ళ కింద నేల కూడా వాళ్ళదే. రెండువేల ఒకటిలో పంచాయతీ ఎన్నికలకి ఇద్దరూ ఎదురెదురు నిలబడ్డారు. ఒక మధ్యాహ్నం రెండు వీధుల మగాళ్ళనీ కొబ్బరితోట గట్టు దగ్గరికి రమ్మన్నారు. కొబ్బరి మట్టలు, కర్రలు పట్టుకురమ్మన్నారు. కొట్టమని ఎవరూ చెప్పలేదు, తగ్గితే మాత్రం ఊరుకునేది లేదన్నారు.

ఆ పొద్దున్న బావ నన్ను సముద్రం ఒడ్డున పట్టుకున్నాడు. వలలు ఎండేసిన చోట ఇద్దరం కూర్చున్నాం.

"ఒరే, ఇయ్యేల కుర్రోళ్ళు తాగొత్తారు. ఎవుడి బుర్రో పగిలిపోద్ది. మనవే ముందుకెల్దాం. నాను మట్ట ఎత్తి నీ జబ్బ మీద తాటిత్తాను. నువ్వు కెవ్వున అరిసి పడిపో. ఒకడు పడిపోతే జనం సల్లబడిపోతారు. మూడేళ్ళ నుంచి సూత్తన్నాం కదేటి, ఆ మాత్రం రాదా మనకి?"

సరేనన్నాను. నవ్వుకున్నాం కూడా.

గట్టు దగ్గర అనుకున్నట్టే బావ ముందుకొచ్చాడు, నేనూ వెళ్ళాను. బావ కళ్ళెర్రజేసి, మీసం తిప్పి, అమెరికావాడిలాగ నన్నూ నా వీధినీ తిట్టాడు. మట్ట ఎత్తాడు. భుజం మీద పడింది, అచ్చంగా అనుకున్నట్టే, దూదిలాగ.

నేను పడలేదు.

వెనక మా వీధి మొత్తం ఉంది. త్రినాథరావు బాబు జీపు మీద చెయ్యేసి చూస్తున్నాడు. పుట్టి బుద్ధెరిగాక అంతమంది నన్ను ఎన్నడూ చూడలేదు. ఏ భూతం పట్టిందో, జపాన్ వాడిలాగ రొమ్ము విరుచుకుని నిలబడ్డాను. ఇంకోటి కొట్టు అన్నట్టు గడ్డం ఎత్తాను. మా వీధి కేక వేసింది. బావ మొహంలో ఆట పోయింది. పళ్ళ మధ్యనుంచి "పడరా, పడ్రా బాబూ" అన్నాడు. రెండోది కాస్త గట్టిగా కొట్టాడు. నిలబడ్డాను. ఇప్పుడు బావ వీధివాళ్ళే ఆయన్ని ఎగతాళి చేస్తున్నారు. మూడో దెబ్బకి నా జబ్బ ఎముక విరిగిన చప్పుడు నాకే వినపడింది.

టెక్కలి ఆసుపత్రికి త్రినాథరావు బాబు జీపులోనే తీసుకెళ్ళారు. ఫొటో తీశారు, సర్టిఫికెట్టు ఇచ్చారు, కేసు పెట్టారు. కాగితం మీద నా వేలిముద్ర అడిగితే సంతకం చేస్తానన్నాను. ఆ కేసులో నేను పొగరు చూపించింది ఆ ఒక్కచోటే.

తరవాత ఎంతమందికి చెప్పాను, అది ఆడిన ఆట అని! నా పెళ్ళాం అప్పలమ్మకే మొదట చెప్పాను.

"ఎవుకిరిగితే ఆటేటి?" అంది. "తలకి గాని తగిలిందేటి నీకు?"

ఇదీ మా ఊరు. టీవీలో మనిషి మీద మనిషి నిచ్చెనెక్కి దూకితే 'అంతా డ్రామా' అని పెదవి విరిచిన జనమే, మా ఇద్దరి డ్రామా నిజం అని ప్రమాణం చేస్తారు. ఆ ఆటలో కొట్టుకున్నవాళ్ళు ఆట అయ్యాక ఒకే కారెక్కి పోతారని బావ చెప్పేవాడు. మా నాయకులూ అంతే. ఎన్నికలయ్యాక రెండేళ్ళకే పలాసలో ఇద్దరూ కలిసి జీడిపప్పు ఫ్యాక్టరీ పెట్టారు. రెండు పేర్లూ ఒకే బోర్డు మీద, పక్కపక్కన. అది చూసినప్పుడు నాకు అర్థమైంది, మా ఊళ్ళో పెద్దలది అమెరికా ఆట, మాది జపాన్ ఆట. వాళ్ళకి దెబ్బ తగలదు. మాకు ఊరికే తగలదు, విరుగుతుంది.

అప్పట్నుంచి అప్ప ఇంటి గడప తొక్కలేదు. ఎడమ చెయ్యి భుజం దాటి లేవక బట్టీ పని పోయింది, బాబు తోటకి కాపలా పెట్టారు. పలాస కోర్టులో వాయిదా వచ్చినప్పుడు మాత్రం బావా నేనూ చూసుకుంటాం. మా ఊరినుంచి పొద్దున్న ఒకటే బస్సు. ముద్దాయి ముందు సీట్లో, దెబ్బ తిన్నవాడు వెనక సీట్లో. మధ్యలో రెండు వీధుల జనం. కాశీబుగ్గలో దిగి ఒకే హోటల్లో, వేరే వేరే బల్లల దగ్గర టీ తాగి, ఒకే వరండాలో కూర్చుంటాం. పిలుస్తారు, వాయిదా వేస్తారు, మళ్ళీ అదే బస్సు.

అలా పన్నెండేళ్ళు. ఈ వేసవిలో అప్ప తోట కంచె దగ్గరికి వచ్చింది. కట్టెలు ఏరుకుంటున్నట్టు వంగి, నా వైపు చూడకుండా మాట్లాడింది.

"లావన్నకి పెళ్ళి కుదిరిందిరా."

"తెల్సప్పా."

"గంపలో గుంటని ఎవుడు మోత్తాడురా? మేనమామ సెయ్యి పడకుండా గుంట పీటల మీదకి ఎలగెల్తాది?"

పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకెళ్ళేది మేనమామే. ఒక చేత్తోనైనా పట్టగలనా అని కొబ్బరికాయల గంప ఎత్తి చూసుకుంటున్నానని చెప్పలేదు.

"నువ్వు కోరుటులో రాజీ సెప్పీరా. మీ బావకి నాను సెప్తాను. ఇంకేటున్నాది ఆ కేసులో, దుమ్ము."

త్రినాథరావు బాబు దగ్గరికి వెళ్ళాను. అరుగు మీద కుర్చీలో కూర్చుని ఉన్నాడు, ఎవరితోనో ఫోనులో నవ్వుతున్నాడు. మోహన్‌రావు బాబుతోనే. నన్ను చూసి ఫోను పెట్టేశాడు.

"రాజీ ఏటిరా? మళ్ళీ ఎలచ్చన్లు వత్తన్నాయి. మన ఈధి ఈధిలాగుందంటే నీ జబ్బ వల్లే. ఎలచ్చన్లయ్యాక సూద్దాం."

"లావన్న పెళ్ళి అంతకుముందే బాబూ."

"పెళ్ళికి నానెల్తాన్లే, మోహన్రావు పిలిసినాడు. మీ గుంటకి నీ పేర సీర కూడా ఇచ్చొత్తాను." మెల్లిగా అన్నాడు, "ఒరే, నీ ఇల్లున్న జాగా ఎవుడిదో గేపకం ఉందా?"

ఉంది. ప్రతి పొద్దున్నా లేవగానే అదే జ్ఞాపకం.

అయినా వాయిదా రోజున రాజీ చెప్పాలనే బస్సెక్కాను. ఇల్లు పీకేస్తే పీకేయనీ. గంప పట్టుకున్నాక ఎటు పొమ్మంటే అటు పోదాం అనుకున్నాను. బావ ముందు సీట్లో ఉన్నాడు. జుట్టు నెరిసింది, మొహం ఉబ్బింది. నీళ్ళు తాగినా పడటం లేదని అప్ప అంది, ఇంటికో కిడ్నీ రోగి ఉన్న మా ఉద్దానంలో ఆ మాటకి అర్థం ఎవరూ అడగరు.

కోర్టు వరండాలో రెండు వీధులవాళ్ళూ చూస్తుండగా లేచి వెళ్ళి బావ ఎదురుగా నిలబడ్డాను.

"బావా, ఇయ్యేల రాజీ సెప్పీత్తాను" అన్నాను.

బావ లేచాడు. చటుక్కున నా కాలరు పట్టుకున్నాడు. "ఎవుడికిరా బావ! ఎవుడికి రాజీ!" అని కోర్టు దద్దరిల్లేలా అరిచి, నన్ను గోడకి అదిమి, చెంప నా చెంపకి ఆన్చాడు. టీవీలో ఇద్దరు పట్టు పట్టినప్పుడు చెవిలో ఏదో చెప్పుకుంటారని ఆయనే నాకు చూపించాడు ఒకప్పుడు.

"సెప్పీకురా" అన్నాడు చెవిలో. "ఆ పెళ్ళివోరు నన్ను సూసి రాలేదు. తినాదరావు మనిసి జబ్బ ఇరగ్గొట్టినోడని, మోహన్రావు బాబు సెప్తే వచ్చినారు. గంప బాబు బామ్మర్ది మోత్తాడు, మాటైపోనాది. నువ్వు రాజీ అంతే, సొంత బామ్మర్దితో నాటకమాడినోడినవతాను. సమ్మందం పోద్దిరా. నా కిడ్నీల సంగతి నీకు తెల్దు, నాను ఎన్నాల్లుంతానో... గుంట పెళ్ళైపోనీ."

"అప్ప సెప్పమంది బావా."

"దానికి తెల్దు. దానికి సెప్పీకు."

పోలీసాయన వచ్చి విడదీశాడు. బావ ఊగిపోతూ మీసం తిప్పాడు. ఆ వీధివాళ్ళు ఆయన్ని పొగిడారు.

లోపల మేజిస్ట్రేటుగారు కాగితాలు తిరగేసి, ఎన్నాళ్ళయ్యా ఇది, ఇద్దరూ బంధువులే కదా, రాజీకి వస్తారా అని అడిగారు. ఆడమనిషి, నెమ్మదిగా అడిగారు. ఏళ్ళ తరబడి ఎవరూ నన్ను అడగని మాట. నోటిదాకా వచ్చింది. బావ చేతులు కట్టుకుని నేల చూస్తున్నాడు. రాజీ అంటే సంబంధం పోతుంది, జాగా పోతుంది, ఈ వాయిదా కూడా పోతుంది. ఇక బావని నేను ఎక్కడ చూడాలి?

"లేదండి. రాజీ లేదండి" అన్నాను.

వాయిదా వేశారు.

బస్సు దిగేసరికి ఎండ ఇంకా ఉంది. అప్ప స్టాపులో నిలబడి ఉంది, రెండు వీధుల ఆడవాళ్ళూ చూస్తున్నా లెక్కచేయకుండా. కొత్త చీర కట్టుకుంది. నన్ను పెళ్ళికి పిలవడానికి బొట్టుపెట్టె చేత పట్టుకుని వచ్చింది.

"ఏటైందిరా?"

బావ నా వెనకే దిగాడు. ఆయన ఊపిరి నా వీపు మీద తగులుతోంది.

"రాజీకి నానొప్పుకోనేదప్పా" అన్నాను.

"బావ కాదన్నాడా?"

"బావ ఒప్పుకున్నాడు" అన్నాను అప్పకి మాత్రమే వినపడేలా, "గానీ నానే ఒద్దన్నాను. నా జబ్బ ఇరగ్గొట్టినోడికి రాజీ ఏటి?"

అప్ప వంగి ఇసక తీసింది. మొహాన కొట్టింది. "నా తమ్ముడు సచ్చిపోనాడు" అంది. "ఈడెవుడో నాకు తెల్దు. నా గుంట పెళ్ళి సూడకుండా పోతావు, పో." గుప్పిళ్ళతో కొడుతూనే ఉంది. కళ్ళల్లోకి ఇసక పోయింది, తుడుచుకోలేదు. బావ ఆవిణ్ణి పట్టుకుని "ఒగ్గీ నూకీ, ఆడితో మాటలేటి, ఒగ్గీ" అంటూ తీసుకుపోయాడు. ఎంత మంచివాడు మొగుడు, కేసు పెట్టినవాణ్ణి కూడా ఏమీ అనలేదు అని ఆ వీధి ఆడవాళ్ళు అనుకోవడం వినపడింది.

"మగోడివనిపించీసినావురా సింహాద్రీ" అన్నారు మా వీధివాళ్ళు. ఎవరో టీ ఇప్పించారు. తాగాను.